రెండో చేతి కొలత

మా బావ చేత చొక్కా కుట్టించుకోవడం తేలికైన పని కాదు. కొలతలిచ్చేసరికే మనిషికి కాళ్ళు పీకుతాయి. ఛాతీ, నడుము, మెడ టైలర్లందరూ కొలుస్తారు. మా బావ ఎడమ భుజం వేరుగా, కుడి భుజం వేరుగా కొలుస్తాడు. ఎడమ చెయ్యి అయ్యాక కుడి చెయ్యి చాపమంటాడు. వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. "ఒకటి కొలిచారుగా మాస్టారూ, రెండోది కూడా అంతేగా" అంటారు. బావ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి, "అంతే అని నీకెవరు చెప్పారు?" అంటాడు.

తర్వాత అద్దం ముందు నిలబెట్టి మరీ చూపిస్తాడు. సంచి ఎప్పుడూ ఒకే పక్క తగిలించుకునేవాడికి ఆ భుజం కిందికి జారి ఉంటుంది. పిల్లని చంకనేసుకు తిరిగే తల్లికి నడుమే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. తమ ఒంటి సంగతి తమకే తెలియలేదని వాళ్ళు తెల్లబోతుంటే బావ మురిసిపోతాడు. అరంగుళం తేడా కూడా వదలడు కాబట్టి వీధిలో ఆయన పేరు అరంగుళం మాస్టారు. ఎదురుపడితే మాస్టారు, పక్కకి తిరిగితే అరంగుళం.

ఆ కొట్లో కాజాలు కుట్టేదీ, బొత్తాలు వేసేదీ నేను. అంచులు మడిచి చేత్తో కుట్టేది మా అక్క, అంటే ఆయన భార్య. నాకు జడ వేసుకోవడం చేతకాని వయసులో మా ఇంటి అల్లుడయ్యాడు కాబట్టి నేను బావని నువ్వు అనే అంటాను, నోటికొచ్చిందీ అంటాను. అక్క మాత్రం ఎంత కోపమొచ్చినా మీరు దాటి రాదు. బావ తన చొక్కాలకి మాత్రం ఏనాడూ టేపు పట్టలేదు. పాత చొక్కా ఒకటి గుడ్డ మీద పరిచి, దాని చుట్టూ సుద్దతో గీసి, కోసేసుకుంటాడు. టైలరుకి కొలతలు తీసే టైలరు దొరకడమ్మా అని నవ్వేవాడు.

బావకి ఒక అన్న ఉండేవాడు. ఆయనా టైలరే. ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. ఒక మధ్యాహ్నం పాంటు కాలు కుడుతూ కుడుతూ ఆయన మిషను మీదికి ఒరిగిపోయాడు. బావ మొదట కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాడట. తలలో నరం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. బీపీ ఎప్పుడైనా చూపించుకున్నాడా అని అడిగితే మాలో ఎవరికీ తెలియదు. ఆయన ఇంటికి తిరిగి రాలేదు. ఆ మిషను మీద బావ ఒక గుడ్డ కప్పేశాడు, ఈనాటికీ తీయలేదు. ఆ తర్వాత బావ మొట్టమొదట చేసిన పని మందుల షాపుకి వెళ్ళి బీపీ మిషను కొనుక్కురావడం. అన్నయ్య పోయిన దారిన నేను పోను అని ఆ పెట్టె విప్పుతూ అన్నాడు.

షాపావిడ ఓపిగ్గా అన్నీ నేర్పింది. కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. కాసేపు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కాలి, అది కొలుస్తున్నంతసేపూ నోరు మూసుకోవాలి. ఈ చివరిది విని అక్క, ఆ ఒక్క నియమం కోసమైనా ఈ మిషను కొనొచ్చంది. టీ, సిగరెట్టు ఆ తర్వాతే. ఒకసారి చూసి సరిపెట్టుకోకుండా కాస్త ఆగి మళ్ళీ చూడాలి. ఎప్పుడూ ఒకే చేతికి చూసుకోవాలి, లేకపోతే నిన్నటి అంకెకీ ఇవాల్టి అంకెకీ పోలిక కుదరదు. ఆ ఒకే చెయ్యి ఏదో ఎలా తేల్చుకోవాలో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు. పెట్టె మీది బొమ్మలో ఎడమ చెయ్యి ఉంది. బావకి కుడి చెయ్యి కత్తెర చెయ్యి, దాన్ని పనిలేకుండా బల్ల మీద పడుకోబెట్టడం ఆయనకి ఇష్టం ఉండదు. అలా ఎడమ చెయ్యి ఖాయమైపోయింది.

అక్కడితో ఆగితే ఆయన టైలరెందుకవుతాడు? పట్టీ చుట్టేటప్పుడు గొట్టం మోచేతి మడత లోపలివైపుకి రావాలి, అందరూ అక్కడే పొరపాటు పడుతున్నారని, పట్టీ మీద ఎర్ర దారంతో ఒక బాణం గుర్తు కుట్టాడు. లోపలి గాలితిత్తికి సూది తగలకుండా అంచు మీదే, గింజల్లాంటి సన్నటి కుట్టుతో. ఎడమ చేతికి చుడితే ఆ బాణం మొన సరిగ్గా నాడి మీదికి వచ్చేది. ఇక పట్టీ తప్పుగా కట్టమన్నా ఎవరూ కట్టలేరని గర్వపడ్డాడు. నిజమే, ఆ తర్వాత ఎవరూ దాన్ని కుడి చేతికి కట్టలేదు.

అంకెల సంగతి ఆయన వీధికంతా తన భాషలో చెప్పాడు. పైన కనిపించే పెద్ద అంకె గుండె రక్తాన్ని తోసినప్పటి ఒత్తిడి, కింది చిన్న అంకె గుండె సేద తీరుతున్నప్పటి ఒత్తిడి. కుట్టు మిషనులో పైదారం, కిందిదారం లాగన్నమాట. రెండూ తగినంత బిగువులో ఉంటేనే కుట్టు నిలుస్తుంది. పైది నూట ఇరవై, కిందిది ఎనభై ఆ చుట్టుపక్కలుంటే దిగుల్లేదు. ఇంట్లో కుదురుగా కూర్చుని చూసుకున్నా రోజూ పైదారం నూట ముప్ఫై అయిదో, కిందిదారం ఎనభై అయిదో దాటుతుంటే డాక్టరు దగ్గరికి నడవాలి. ఒక్కరోజు ఎక్కువొస్తే కంగారు పడకూడదు, రోజూ వస్తుంటే ఊరుకోకూడదు. దారం మరీ బిగిస్తే ఎక్కడో ఒకచోట పుటుక్కుమంటుంది అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా గుడ్డ కప్పిన మిషను వైపు చూసేవాడు.

పొద్దున కొట్టు తెరిచేసరికి ఇద్దరో ముగ్గురో బల్ల దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. అందులో బస్సు డ్రైవరు ఒకడు తప్పనిసరి. అతనికి పైదారం రోజూ నూట అరవై చూపిస్తుంటే, డ్యూటీ పోతుందని భయపడుతున్నవాణ్ణి బావే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. మందులతో అతనికి కుదుటపడింది. అతని భార్య కొట్టుకి వచ్చి బావకి దండం పెట్టి వెళ్ళింది. అది చూసి నాలుగు రోజులు బావ నేల మీద నడవలేదు.

అందరిదీ అయ్యాక తనది చూసుకునేవాడు. ఎప్పుడు చూసినా నూట ఇరవై, నూట ఇరవై రెండు. కిందిది డెబ్భై ఎనిమిది. ఈ వయసులో ఈ అంకె ఎంతమందికి ఉంటుందే అని నన్ను అడిగేవాడు. నీ అంకెకి ఫ్రేము కట్టించి గోడకి తగిలిద్దాం బావా అనేదాన్ని.

తలనొప్పి వస్తోందని మాత్రం తరచూ అనేవాడు. ఇస్త్రీపెట్టె ఆవిరి అని తనే చెప్పుకునేవాడు. గుడ్డ తానులు పై అరలోకి ఎక్కిస్తుంటే ఎడమ చెయ్యి మధ్యలోనే బరువెక్కి పడిపోతున్నట్టుంటోందని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంటోందని అక్క అంది. డాక్టరుకి చూపించుకోమని పోరితే, మిషను చెప్తోందిగా బాగున్నానని, నీకంటే దానికే ఎక్కువ తెలుసు అని అక్క నోరు మూయించేశాడు. మేమూ సరేననుకున్నాం. మిషను కంటే గొప్పవాళ్ళమా మేము?

ఒక ఉదయం సూదిలోకి దారం ఎక్కలేదు. బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో నా వైపు చూసి, నీ మొహం ఏదే అన్నాడు. పరాచికం అనుకుని, ఇంట్లో పెట్టి వచ్చానన్నాను. ఆయన నవ్వలేదు. కుడి కంటికి ఎదురుగా ఉన్న చోట పొగ కమ్మినట్టుగా ఉందన్నాడు. అంచుల్లో నా జడ కనిపిస్తోందట, తలుపు కనిపిస్తోందట, మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదట.

కళ్ళ డాక్టరు కంటి వెనక భాగం ఫోటో తీసి తెర మీద చూపించాడు. నేను ఆ ఫోటో చూసి అక్క చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. నారింజరంగు గుండ్రం మీద ఎవరో ఎర్ర సిరా విదిలించినట్టు చారలు, మరకలు. కంట్లో సన్నటి నరం ఒకటి మూసుకుపోయి రక్తం కారిందని చెప్పాడు. ఇది ఎక్కువగా బీపీ ఉన్నవాళ్ళకి వస్తుందని, మీకెన్నాళ్ళుగా ఉందని అడిగాడు. బావకి అది తిట్టులా వినిపించింది. అసలు లేదు, రోజూ చూసుకుంటాను, వీధిలో అందరికీ నేనే చూస్తాను అన్నాడు. నర్సు మిషను తీసేలోపే చొక్కా ఎడమ చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టాడు. నూట ఇరవై రెండు. చూశారా అన్నట్టు డాక్టరు వైపు చూశాడు. సుగర్ పరీక్షా బాగానే వచ్చింది. డాక్టరుకి ఏం పాలుపోలేదు. కంట్లో సూదిమందు వేసి, కారణం ఏదో తేల్చుకోవాల్సిందేనని, తేలకపోతే రెండో కంటికీ ఇలాగే కావచ్చని చెప్పాడు. పెద్ద డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసిచ్చాడు.

రెండో కన్ను అనే మాట మా ముగ్గురి మధ్యా కూర్చుండిపోయింది. టైలరుకి కళ్ళు పోతే ఇంకేం మిగులుతుంది? అయినా బావ ఆ చీటీ తీసుకెళ్ళి కత్తెర కింద పెట్టాడు. ఇవాళ, రేపు అంటూ వాయిదా వేశాడు. ఏం చెప్తారోనన్న భయమని మాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం నేను భోజనం చేసి కొట్లోకి వచ్చేసరికి బావ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పనికిరాని గుడ్డముక్క పరిచి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఎడమ చేత్తో అంచు తడుముకుంటూ కత్తెర నడుపుతున్నాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. నా అడుగు చప్పుడు విని కళ్ళు తెరవకుండానే, అలవాటు చేసుకుంటున్నానే అన్నాడు. వెనక్కి వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మసక కన్ను ఊరికే ఉండనివ్వదు కదా. ఆ వారంలోనే కాలరు కుడుతుంటే మిషను సూది ఎడమ చూపుడువేలి గోరులోంచి దిగి విరిగింది. ఇన్నేళ్ళ పనిలో ఆయన వేలికి సూది గుచ్చుకోవడం నేనెరగను. మందుల షాపు పక్క క్లినిక్కులో విరిగిన ముక్క తీసి కట్టు కట్టారు. ధనుర్వాతం రాకుండా సూది వేస్తూ, పనిచేసే చెయ్యి ఏదని అడిగి, దాన్ని వదిలేసి ఎడమ జబ్బకి వేశారు. మర్నాడు ఉదయానికి ఆ జబ్బ వాచి, ముట్టుకుంటే చురుక్కుమంటోంది.

అందుకని ఆ ఉదయం అక్క పట్టీ కుడి చేతికి చుట్టింది. జీవితంలో మొదటిసారి. ఎర్ర బాణం అటు తిరిగి మోచేతి బయటివైపు చూపిస్తోంటే, బావ దాన్ని చూసి చిరాకుపడ్డాడు. అక్క బాణాన్ని వదిలేసి, గొట్టం లోపలివైపుకి వచ్చేలా సర్ది మీట నొక్కింది. పట్టీ గాలి నింపుకుంది. ఆగింది. మళ్ళీ ఇంకా నింపుకుంది, అలా అది రెండోసారి బిగుసుకోవడం మేమెప్పుడూ చూడలేదు. బావ మొహం చిట్లించాడు. తర్వాత మెల్లగా గాలి వదిలింది.

నూట తొంభై ఎనిమిది. కిందిది నూట పన్నెండు.

అక్క నవ్వింది. నిజంగానే నవ్వింది, ఎవరిదో అంకె ఇందులో ఉండిపోయిందని. కాసేపాగి మళ్ళీ నొక్కింది. నూట తొంభై ఆరు. బావ కట్టడం రాలేదని ఆమెని కసిరి, తనే విప్పి తనే మళ్ళీ కట్టుకున్నాడు. నూట తొంభై ఎనిమిది. మిషను పాడైందన్నాడు. నేను పట్టీ లాక్కుని నా కుడి చేతికి కట్టుకున్నాను. నూట పద్దెనిమిది. అక్కకి కట్టాను. నూట ఇరవై ఆరు. మిషనుకేమీ కాలేదు. బావ పళ్ళు బిగబట్టి నొప్పి జబ్బకే కట్టమన్నాడు. కట్టాను. నూట ఇరవై రెండు, డెబ్భై ఎనిమిది. రోజూ వచ్చే అంకే. మళ్ళీ కుడి చేతికి కట్టాను. ఈసారీ నూట తొంభై దాటింది. ఒకే మనిషి, ఒకే కుర్చీ, ఒకే పూట. ఎడమ పక్క చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నాడు, కుడి పక్క చూస్తే వాళ్ళన్న కళ్ళ ముందు నిలబడ్డాడు. ఏ పక్కని నమ్మాలో తెలియక ముగ్గురం ఆ చిన్న పెట్టె వంకే చూస్తూ ఉండిపోయాం.

ముందు బావే తేరుకున్నాడు. కుడి చొక్కా చెయ్యి కిందికి దించుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా చూసేది ఎడమదేగా. అది బాగుంది" అన్నాడు. "కుడిది కూడా అంతే. సూదిమందు వల్ల ఏదో తేడా చూపిస్తోంది, రేపటికి సర్దుకుంటుంది."

అక్క లేచి నిలబడింది.

"అంతే అని నీకెవరు చెప్పారు?"

అక్క బావని నువ్వు అనడం నేను పుట్టాక వినడం అదే మొదటిసారి. బావ బొత్తాం మీద వేలు అలాగే ఆగిపోయింది. ఆయన అక్క వంక చూశాడు, తర్వాత గోడకి తగిలించి ఉన్న టేపు వంక చూశాడు. వీధిలో ప్రతివాడి రెండో భుజమూ, రెండో చెయ్యీ కొలిచినవాడు, తన రెండో చేతికి ఒక్కసారి, కనీసం సరదాకైనా, ఆ పట్టీ చుట్టుకోలేదు. మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ సంగతి అప్పుడు ఆయన మొహంలోకి దిగడం నేను కళ్ళారా చూశాను. మనిషి ఒక్కసారిగా పాలిపోయాడు. కత్తెర ఎత్తి కింది చీటీ తీసి అక్క చేతికిచ్చాడు. ఆ పూట కొట్టు తెరవలేదు.

పెద్ద డాక్టరు ఒకావిడ. మేం చెప్పింది మధ్యలో ఆపకుండా విని, ఇంకో మిషను తెప్పించి రెండు చేతులకీ ఒకేసారి కట్టించింది. పక్కపక్కన రెండు తెరల మీద రెండు అంకెలు. ఒకటి నూట ఇరవైల్లో, ఒకటి నూట తొంభైల్లో. వాటి మధ్య కూర్చున్నది మా బావ ఒక్కడే. ఆవిడ రెండు మణికట్లూ పట్టుకుని నాడి చూసింది. కుడివైపు వెంటనే దొరికింది. ఎడమవైపు వేళ్ళు అటూ ఇటూ జరిపి, కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికింది. తర్వాత అక్కని పిలిచి ఆమె వేళ్ళని అక్కడ పెట్టింది. అక్క వెతికింది. లేదమ్మా అంది మెల్లగా, ఏమీ తగలట్లేదు అంది. ఇన్నేళ్ళుగా తను పట్టుకున్న చెయ్యి అది.

"గుండె నుంచి ఈ ఎడమ చేతికి వెళ్ళే రక్తనాళం మెడ కింద బాగా సన్నబడిపోయిందండి" అంది డాక్టరు. "చేరాల్సిన ఒత్తిడి అక్కడిదాకా చేరడం లేదు. నాడి ఉంది, కాకపోతే వేళ్ళకి దొరకనంత నీరసంగా ఉంది, మిషను మాత్రం దాన్ని పట్టగలుగుతోంది. ఇన్నాళ్ళూ మీరు చూసుకున్నది ఆ చేతికి అందుతున్నదే, మీ బీపీ కాదు. మీ బీపీ ఇదిగో, ఈ చేతిది. కంటికీ మెదడుకీ కిడ్నీకీ వెళ్తున్నది ఇదే."

బావ కుడి చేత్తో తన ఎడమ మణికట్టు తడుముకున్నాడు. తర్వాత, "అయితే ఆ మిషను అబద్ధం చెప్పిందా అమ్మా?" అని అడిగాడు.

"నిజమే చెప్పింది. మీరు ఏ చెయ్యి ఇస్తే ఆ చేతి సంగతి చెప్పింది."

ఆ తర్వాత ఆవిడ చాలా చెప్పింది. ఒకే చేతికి చూసుకోమన్నది సరైన మాటే. కాకపోతే మొట్టమొదట ఒకసారి రెండు చేతులకీ చూసి, ఎందులో ఎక్కువ వస్తుందో ఆ చేతినే ఎంచుకోవాలట. అయిదో ఆరో తేడా చాలామందికి ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. పది, పదిహేను దాటి మళ్ళీ మళ్ళీ కనిపిస్తే మాత్రం డాక్టరుకి చెప్పాలట. తలనొప్పి ఇస్త్రీపెట్టెది కాదు. చెయ్యి బరువెక్కడం వయసుది కాదు. నాళాన్ని పరీక్షలు చేసి చూస్తామని, బీపీ మందులు ఇవాళే మొదలని, సిగరెట్టు ఈ క్షణంతో ఆఖరని చెప్పింది. కుడి కంటికి పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు. రెండో కన్ను మాత్రం ఇక ఈ అంకె మీదే ఆధారపడి ఉంది. డెబ్భై పైచిలుకు తేడా ఒంట్లో పెట్టుకు తిరిగింది అరంగుళం తేడా కూడా వదలని మనిషని ఆవిడకి తెలియదు కాబట్టి, మీరేం పని చేస్తారని మామూలుగా అడిగింది. బావ తల వంచుకుని చొక్కా చేతులు రెండూ దించుకుంటున్నాడు. టైలరని అక్క చెప్పింది.

బయటికొచ్చాక నాకు ఎవరి మీదో అరవాలనిపించింది. షాపావిడ మీద అరుద్దామంటే ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. మిషను మీద అరుద్దామంటే అదీ నిజమే చెప్పింది. నర్సు మీద అరుద్దామంటే ఆమె అడగకముందే చెయ్యి చాపింది ఈయనే. తప్పు ఎక్కడా లేకుండా ఒక మనిషి కన్ను పోయింది. ఆ కోపం పెట్టుకోవడానికి నాకు ఇప్పటికీ చోటు దొరకలేదు.

మందులు పనిచేశాయి. కుడి చేతి అంకె నూట ఎనభైకి, అక్కణ్ణుంచి నూట అరవైకి, కొన్ని వారాలకి నూట ముప్ఫైల్లోకి దిగింది. ఎడమ చేతికి వెళ్ళే నాళం అలాగే ఉంది, ఇప్పటికి మందులతో కనిపెట్టుకుని ఉందామన్నారు. కళ్ళ డాక్టరు రెండో కంటి ఫోటో తీసి, మరకలేం లేవని చెప్పినప్పుడు అక్క ఆ ఫోటోకే దండం పెట్టింది. కుడి కంటిలో పొగ మాత్రం పోలేదు. ఆ ఒక్క కంటితో చూస్తే నా మొహం ఇప్పటికీ సగమే కనిపిస్తుందట. మిగతా సగం గుర్తుంది కాబట్టి నష్టమేం లేదన్నాడు. చాన్నాళ్ళకి వేసిన మొదటి పరాచికం అది. నేను నవ్వాలని చూశాను.

మళ్ళీ కొట్టు తెరిచిన రోజు ఉదయం బావ ముందుగా బీపీ పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్న కత్తెర మొనతో ఎర్ర బాణం కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. కుట్టు సన్నం, చూపు చాలడం లేదు. నేను విప్పుతానంటే ఇవ్వలేదు. వేలితో తడుముకుంటూ ఒక్కో పోగూ తనే లాగేశాడు. బాణం పోయింది గానీ సూది బెజ్జాలు మిగిలాయి, వెలుతురుకి పెడితే ఆ గుర్తు ఇంకా తెలుస్తుంది.

డ్రైవరు ఎప్పటిలాగే హడావిడిగా వచ్చి కూర్చున్నాడు. కన్ను ఎలా ఉందని అడిగాడు, బానే ఉందని బావ అన్నాడు. అంతకుమించి అతనికేమీ తెలియదు. ఎడమ చెయ్యి చాపితే బావ పట్టీ చుట్టి చూశాడు. నూట ముప్ఫై. తర్వాత పట్టీ విప్పి, రెండో చెయ్యి ఇమ్మన్నాడు. డ్రైవరు లేవబోతూ గోడగడియారం వంక చూశాడు.

"చూశారుగా మాస్టారూ. రెండోది కూడా అంతేలెండి, నాకు డ్యూటీకి టైమవుతోంది."

నేను కాజా కుడుతున్నదాన్ని తలెత్తాను. అక్క సూది ఆపింది. ఆ మాటకి బావ జవాబేమిటో మా ఇద్దరికీ తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ మాట ఆయనకి రాలేదు. ఊరికే తన ఎడమ చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి, డ్రైవరు వేళ్ళు పట్టుకుని తన మణికట్టు మీద ఆనించాడు.

"నాడి దొరుకుతుందేమో చూడు" అన్నాడు.

డ్రైవరు ఇదేదో ఆటనుకుని నవ్వుతూ చూశాడు. వేళ్ళు జరిపాడు. కాస్త గట్టిగా నొక్కాడు. ఇంకాస్త పైకి వెతికాడు. నవ్వు అతని మొహం మీదే ఆగిపోయి, మెల్లగా చెరిగిపోయింది. చెయ్యి వంకా, తన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి మొహం వంకా మార్చి మార్చి చూశాడు. బావ పట్టీ పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు ఇక గడియారం చూడలేదు. కుడి చొక్కాచెయ్యి బొత్తాం విప్పుకున్నాడు.